వ్యాపారాధిపతి ఎవరికి ఉత్తరవాది?

చదువవలసిన భాగములు: యోబు 31:13-15, 38-40; ఆమోసు 8:4-6; యిర్మీయా 22:13-17; లూకా 19:8; యాకోబు 5:1-4.



ఈ నెల పాఠమునకు వ్యాపారాధిపతుల సంగతి ఎందుకు ఎత్తుకొంటిమని మీలో కొందరు అడుగవచ్చును. మన సంఘములలో కోటీశ్వరులు లేరు. మిల్లు గలవారు ఒకరిద్దరు, కిరాణా కొట్టు గలవారు కొందరు, కూలీలను జట్టుగా తీసికొనిపోవు మేస్త్రీలు కొందరు. తక్కినవారమందరము ఎకరమో అరెకరమో దున్నుకొనువారము, లేదా రోజుకూలికి పోవువారము. అయినను ప్రొద్దున లేచినది మొదలు మనము ఎవరో యొక వ్యాపారి చేతిక్రిందనే బ్రదుకుచున్నాము. తిను ఉప్పు, కట్టు బట్ట, చేనికి వేయు ఎరువు, కల్లములోనుండి పోవు ధాన్యము, వీటి వెలను మనమెన్నడు చూడని యొకడు ఎక్కడనో కూర్చుండి నిర్ణయించుచున్నాడు. అట్టివాడు దేవునియెదుట ఏమి ఉత్తరము చెప్పుకొనవలసియుండునో తెలిసికొనుట మనకు అక్కరలేని సంగతి కాదు.

లేఖనములలో గొప్ప వ్యాపారి ఎవరని అడిగినయెడల ఆదివారపు బడి పిల్లలు సొలొమోను అందురు. నేనైతే యోబు అందును. అతని ఆస్తి లెక్క మొదటి అధ్యాయములోనే యున్నది: గొఱ్ఱెలు 7,000, ఒంటెలు 3,000, ఎద్దులు 500 జతలు, గాడిదలు 500. మూడువేల ఒంటెలు ఇంటి వాడుకకు కాదుగదా. సరుకులు దూరదేశములకు పోయి వచ్చుచుండెనని ఊహించవచ్చును. అయిదువందల జతల యెద్దులనగా అయిదువందల నాగళ్లు. నాగటికొక మనిషి చొప్పున లెక్కించినను, దున్నకముమీద మాత్రమే అయిదువందలమంది ఇతని కూలి తినుచుండిరి.

ఆ యోబు అంతయు పోగొట్టుకొని బూడిదలో కూర్చున్నప్పుడు, 31వ అధ్యాయమున తన బ్రదుకును తానే విమర్శించుకొనుచున్నాడు. అక్కడ అతడు తాను ఇచ్చిన దానములను చెప్పుకొనును, నిజమే. గాని దానముల మాట రాకమునుపే మరియొక మాట చెప్పెను. తన పనివాడుగాని పనికత్తెగాని తనతో వ్యాజ్యెమాడినప్పుడు వారి న్యాయమును తాను త్రోసివేసియుంటినేని, దేవుడు లేచి విచారించు దినమున తానేమి ఉత్తరమియ్యగలనని అడిగెను. తన్ను గర్భములో రూపించినవాడే తన పనివానిని కూడ రూపించెనని ఒప్పుకొనెను.

ఈ మాటను నిదానముగా చదువుడి. యజమానునితో వ్యాజ్యెమాడు హక్కు పనివానికి కలదని యోబు మొదటనే అంగీకరించుచున్నాడు. పనివాడు నోరెత్తుట తప్పని అతడు అనుకొనలేదు. మన యూళ్లలో కూలి చాలలేదన్న మనిషిని మరునాడు పనికి పిలువరు. అట్లు పిలువకుండువారిలో ప్రభురాత్రి భోజనమునకు మన ప్రక్కను మోకరించువారు కూడ కొందరుందురు. అధ్యాయము చివర యోబు తన భూమినే సాక్షిగా పిలిచెను. క్రయధనము ఇయ్యక దాని పంట తినియుంటినేని, గోధుమలకు బదులు ముళ్లు మొలచునుగాకని తన్ను తాను శపించుకొనెను. ఇంత ధైర్యముగా ఒట్టు పెట్టుకొనగల వ్యాపారులు మన కాలములో ఎందరు?

ఇక ఆమోసు. ఇతడు చదువుకొన్న ప్రవక్త కాడు, పసులు కాచినవాడు. కాబట్టి సంతవీధి మోసములు అతనికి బాగుగా తెలిసియుండెను. 8వ అధ్యాయమున మూడు మోసములను బయటపెట్టెను. ధాన్యము కొలుచు కొలపాత్రను చిన్నదిగా చేయుట మొదటిది. కొనువాడు తెచ్చిన వెండిని తూచు రాతిని బరువుగా చేయుట రెండవది. ఆ దినములలో నాణెములు లేవు, వెండిని తూచి తీసికొనెడివారు. కాబట్టి ఇచ్చునప్పుడు తక్కువ, పుచ్చుకొనునప్పుడు ఎక్కువ. ఒకే బేరములో రెండు చేతులతో దోచుట. గోధుమలలో తాలు కలిపి అమ్ముట మూడవది. ఈ వర్తకులు భక్తిహీనులని అనుకొనకుడి. అమావాస్య పండుగను, విశ్రాంతి దినమును వారు తప్పక ఆచరించుచుండిరి. అయితే ఆరాధన ఎప్పుడు ముగియునా, కొట్టు ఎప్పుడు తెరుతుమా అని కూర్చుండిరి. దేహము గుడిలోను, మనస్సు గల్లాపెట్టెలోను ఉండెను.

ఈ రెండు పాఠములను ఒక చరిత్రతో కలిపి చూతము. మన పిల్లలు తిను చాక్లెటు కాగితముమీద కేడ్‌బరీ అను పేరు మీరు చూచియుందురు. అది ఒక క్రైస్తవ కుటుంబము పేరు. స్నేహితుల సంఘమను నొక చిన్న సంఘము ఇంగ్లాండులో కలదు. లోకము వారిని క్వేకరులనును. దేశపు అధికార సంఘముయొక్క విశ్వాస ప్రమాణములకు వారు సమ్మతింపనందున ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల తలుపులు వారికి చిరకాలము మూయబడియుండెను. కనుక వారిలో తెలివిగలవారనేకులు వ్యాపారములో ప్రవేశించిరి. 1824లో జాన్ కేడ్‌బరీ అను నతడు బర్మింగ్‌హాము పట్టణమున టీ, కాఫీ, కోకో అమ్ము కొట్టు పెట్టెను. 1861లో అతని కుమారులు రిచర్డు, జార్జి అనువారి చేతికి అది వచ్చునప్పటికి వ్యాపారము చితికిపోయియుండెను.

కోకో గింజలో కొవ్వు అధికము. అది పానీయముపై తేలకుండునట్లు బంగాళాదుంప పిండి, సగ్గుబియ్యపు పిండి మొదలగునవి కలుపుట ఆ కాలమున అందరి వాడుక. తమ సరుకులో కోకో అయిదవ వంతు మాత్రమే యుండెడిదని జార్జియే తరువాత ఒప్పుకొనెను. ఆమోసు చెప్పిన తాలు గోధుమలు ఇవియే గదా! అన్నదమ్ములిద్దరు హాలండు దేశమునుండి కొవ్వు పిండు యంత్రమును తెప్పించి, 1866లో కల్తీలేని కోకోను అమ్మసాగిరి. అది వెల ఎక్కువైనను జనులు కొనిరి. ఆహారములో కల్తీని అరికట్టు చట్టము ఆ దేశమున 1875లో గట్టిగా ఏర్పడెను. అప్పటికే వీరి సరుకు నిఖార్సైనదని పేరుపడెను. నిజాయితీవలన వారికి లాభము కలిగెను. ఎల్లప్పుడు అట్లే జరుగునని నేను చెప్పను. నిజాయితీగా తూచి దివాలా తీసిన విశ్వాసులను నేనెరుగుదును, వారి పేర్లు పరలోకమునందు వ్రాయబడియున్నవి.

1879లో కర్మాగారమును పట్టణపు మురికివీధులనుండి నాలుగు మైళ్ల దూరమునకు, బయలు ప్రదేశమునకు మార్చిరి. దానికి బోర్న్‌విల్ అని పేరు. 1895 మొదలుకొని జార్జి అక్కడ ఇండ్లు కట్టింపసాగెను. ప్రతి యింటికి తోట, తోటలో పండ్ల చెట్లు. అవి తన కర్మాగారపు పనివారికి మాత్రమే గాక ఇతరులకు కూడ ఇచ్చెను. 1900లో ఆ 330 ఎకరముల భూమిని, 313 ఇండ్లను ఒక ధర్మకర్తల సంస్థకు వ్రాసియిచ్చి తన హక్కు వదలుకొనెను. లాభము వచ్చినయెడల అది మరల ఇండ్లకే పోవలెనుగాని అతని బిడ్డలకు రాకూడదు. 1906లో పనివారికి పింఛను నిధి ఏర్పడెను. జార్జి ఏబది యేండ్లకు పైగా ఆదివారమున తెల్లవారుజామున లేచి, చదువురాని పెద్దలకు అక్షరములును బైబిలును నేర్పుచుండెను. బోయజు చేనికి వచ్చి కోతగాండ్రకు దేవుని పేరట నమస్కరించినట్లు (రూతు 2:4), ఇతడును పనివారితోకూడ ప్రార్థనలో నిలువబడెడివాడు. లోపములు లేకపోలేదు. వివాహమాడిన స్త్రీ పని మానుకొనవలెనను నిబంధన అక్కడ చాలకాలముండెను. మానిపోవునప్పుడు ఆమెకు ఒక బైబిలు ఇచ్చి పంపెడివారు. కూలికి బదులుగా బైబిలు ఇచ్చుట, బైబిలును ప్రేమించు నాకే రుచింపలేదు.

ఇంతవరకు వినుటకు సొంపుగానున్నది. అయితే ఈ పాఠములోని కష్టమైన భాగము ఇక మీదటనే యున్నది. దీనికొరకే ఈ చరిత్రను ఎత్తుకొంటిని.

కోకో ఇంగ్లాండులో పండదు. 1900 ప్రాంతమున కేడ్‌బరీవారు కొనుచున్న గింజలలో సగమునకు దగ్గరగా సావో తోమే, ప్రిన్సిపే అను రెండు చిన్న ద్వీపములనుండి వచ్చుచుండెను. అవి ఆఫ్రికాకు పడమట సముద్రములోనున్నవి. అప్పుడు పోర్చుగీసు వారి యేలుబడిలోనుండెను. అక్కడి తోటలలో పనిచేయువారు అంగోలా దేశపు నల్లజాతివారు. కాగితముమీద వారు అయిదేండ్ల ఒప్పందముపై వచ్చిన కూలీలు. వాస్తవముగా వారిలో తిరిగి యిల్లు చేరినవారు లేరనియే చెప్పవలెను. 1901లో రిచర్డు కుమారుడైన విలియము కేడ్‌బరీ చేతికి ఒక తోట అమ్మకపు జాబితా వచ్చెను. అందులో భూమి, కట్టడములతోపాటు పనివారిని కూడ వెలకట్టి వ్రాసియుండిరి. వెలకట్టి అమ్ము మనిషి కూలివాడు కాడు; బానిస.

ఇప్పుడు ఏమి చేయవలెను? క్వేకరులు బానిసత్వమునకు విరోధముగా నూరేండ్లకుపైగా పోరాడిన జనులు. మరునాడే కొనుగోలు మానివేసియుందురని మనము తలంచుదుము. వారు అట్లు చేయలేదు. విలియము 1903లో లిస్బను నగరమునకు పోయి అధికారులతో మాటలాడెను. సంస్కరణలు జరుగునని వారు వాగ్దానమిచ్చిరి. తరువాత సాక్ష్యము సంపాదించుటకు జోసెఫ్ బర్ట్ అను క్వేకరును పంపిరి. అతడు మొదట పోర్చుగీసు భాష నేర్చుకొని, 1905లో బయలుదేరి, 1907లో తిరిగివచ్చెను. ఈలోగా హెన్రీ నెవిన్సన్ అను విలేఖరి అంగోలాకు స్వయముగా పోయి, అక్కడి సంగతులను 1906లో గ్రంథముగా ప్రకటించెను. ప్రభుత్వమువారు ఓపికపట్టుడనిరి. మేము కొనుట మానినయెడల మా మాట వినువారెవరు, కొనువారముగా నున్నంతకాలమే మాకు పలుకుబడి యుండునని కంపెనీవారు వాదించిరి. చివరకు 1909 మార్చిలో కేడ్‌బరీవారును, మరి రెండు క్వేకరు కంపెనీలైన ఫ్రై, రౌన్‌ట్రీ వారును ఆ ద్వీపముల కోకోను కొనము అని ప్రకటించిరి. మొదటి వార్త చెవినిబడి ఎనిమిదేండ్లు గడచెను. ఆ యెనిమిదేండ్లును గింజలు వచ్చుచునే యుండెను; తోటలున్న బోర్న్‌విల్ ఇండ్లు కట్టబడుచునే యుండెను.

1908లో లండనులోని స్టాండర్డు పత్రిక వీరిని వేషధారులని అర్థము వచ్చునట్లు వ్రాసెను. కేడ్‌బరీవారు పరువునష్టపు దావా వేసిరి. 1909 చివర బర్మింగ్‌హాములో విచారణ జరిగెను. తీర్పరులు పత్రికదే తప్పని తేల్చి, కేడ్‌బరీవారికి నష్టపరిహారము నిర్ణయించిరి. ఎంత? ఒక ఫార్దింగు. ఫార్దింగనగా పెన్నీలో నాలుగవ వంతు. మన పాత లెక్కలో దమ్మిడీవంటి అతి చిన్న నాణెము. మీరు గెలిచితిరి, మీ గెలుపునకు వెల ఇంతే అని ఆ దమ్మిడీ చెప్పెను.

ఈ మనుష్యులను గూర్చి ఏమనవలెను? వేషధారులని నేననను. వేషధారి అయినవాడు దూతను పంపడు, సాక్ష్యము వ్రాయింపడు, తుదకు కొనుగోలు మానడు. ఆ కోకో కొన్న వర్తకులు లోకమందు చాలమంది యుండిరి, వారిలో అనేకులు కనీసము అడుగనైన లేదు. అయినను యాకోబు పత్రిక 5వ అధ్యాయమును తీసి చూచినయెడల, అక్కడ మొరపెట్టునది బిగబట్టిన కూలి. ఆ మొర సైన్యములకధిపతియగు ప్రభువు చెవులలో చొచ్చియున్నదని అపొస్తలుడు చెప్పుచున్నాడు. విచారణ పూర్తియగువరకు ఆ మొర ఆగియుండదు. ఎనిమిదేండ్లనగా అంగోలానుండి వచ్చినవానికి ఒప్పందపు కాలముకంటె మూడేండ్లు ఎక్కువ. యజమానుడు ఓపికపట్టిన ప్రతిదినమును వేరొకడు భరించవలసియుండెను. నా తలంపు ఇది: పలుకుబడి కొరకు కొనుచున్నామను వాదము ఒక సంవత్సరమువరకు నిజమై యుండవచ్చును, వాగ్దానము చేసినవారు దానిని నెరవేర్చలేదని తేలిన తరువాత అది సాకు అయిపోయెను. మీలో వేరుగా తలంచువారుండినయెడల ఇంటి కూటములలో వాదించుకొనుడి.

తరువాతి సంగతి కొంచెము చెప్పెదను. జార్జి 1922లో ప్రభునందు నిద్రించెను. కంపెనీ వాటాలు క్రమముగా కుటుంబము చేతులు దాటిపోయెను. 2010లో అమెరికా దేశపు క్రాఫ్టు కంపెనీ దానిని కొనెను. కొనకముందు, మూతబడనున్న సోమర్‌డేల్ కర్మాగారమును నిలుపుదుమన్నట్లు చెప్పి, కొన్న కొద్ది దినములకే అది సాధ్యము కాదనిరి. ఇట్టి కొనుగోళ్లను చూచు అక్కడి అధికార సంఘము వారిని బహిరంగముగా మందలించెను. మందలింపువలన కర్మాగారము తెరువబడలేదు. యజమానుని ముఖము చూచి పనిచేసిన కాలమునకును, యజమానుడెవడో పనివాడెరుగని కాలమునకును ఉన్న దూరము ఇందులో కనబడుచున్నది. వాటాదారుడు పదివేల మైళ్ల దూరముననున్నప్పుడు ఎవనితో వ్యాజ్యెమాడవలెను?

ఈ దూరము మనకును తెలిసినదే. ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతములలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడను కోకో పెంచువారు చాలమంది కలరు. 2024లో లోకపు విపణిలో కోకో వెల ఎన్నడును లేనంత పెరిగెను. 2025లో కంపెనీలు తమకు తగిన వెల ఇచ్చుటలేదని ఆ రైతులు ఆందోళన చేసిరి, ప్రభుత్వము మధ్యవర్తిగా రావలసివచ్చెను. లెక్కలలో ఎవరి మాట ఎంతవరకు నిజమో తీర్పు చెప్పుట నా పని కాదు. గాని గింజ నాణ్యము చూచువాడును, తూచువాడును, వెల చెప్పువాడును ఒక్కడే అయినప్పుడు, ఆమోసు చెప్పిన కొలపాత్రయు రాయియు ఒకే చేతిలోనున్నట్లేగదా!

ఇక సంఘమునకు తగిలెడి మాట. మన దేశములో 2013 కంపెనీల చట్టము పెద్ద కంపెనీలకు ఒక విధి నియమించెను: గత మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజ సేవకు ఖర్చుపెట్టవలెను. దానివలన బడులకు గదులు, ఊళ్లకు మంచినీళ్లు వచ్చినవి, మంచిదే. అయితే ప్రవక్తలు అడుగునది ఆ రెండు వంతుల సంగతి కాదు. తక్కిన తొంబది యెనిమిది ఎట్లు వచ్చెనని వారడుగుదురు. యెహోయాకీము రాజు దేవదారు పలకలతో విశాలమైన మేడలు కట్టించెను. పొరుగువానిచేత కూలియియ్యక పనిచేయించుకొనెను. అతని తండ్రి యోషీయా దీనుల వ్యాజ్యెమును తీర్చెను. దేవునినెరుగుట అనగా అదియే అని యిర్మీయా తేల్చి చెప్పెను. చక్కని కట్టడము చూచి ప్రవక్త మోసపోలేదు. మనము మోసపోవుచున్నాము. కట్టడము మందిరమైనప్పుడు మరి త్వరగా మోసపోవుదుము. ఒక మిల్లు యజమానుడు గుడికి గంట ఇచ్చును, మేస్త్రీ ఒకడు పైకప్పు రేకులు వేయించును. వారి పేర్లు రాతిమీద చెక్కింతుము. అదే మిల్లులో మూటలు మోయు సహోదరునికి మూడు వారముల కూలి బాకీయున్నదని వానిభార్య చెప్పినప్పుడు, అది వారి వారి వ్యవహారమందుము. అది వ్యవహారమైతే గంట మాత్రము భక్తి ఎట్లయ్యెను?

జక్కయ్య రెండు లెక్కలు వేసెను. తన ఆస్తిలో సగము బీదలకు, ఇది దానము. అన్యాయముగా తీసికొన్నది ఎవనియొద్దనో వానికి నాలుగంతలు, ఇది బాకీ. ఒకదానిలో నుండి రెండవదానిని అతడు తీసివేయలేదు. మొదటి లెక్కకు రసీదు వ్రాయుట మన సంఘపు కోశాధికారులకు బాగుగా తెలియును. రెండవ లెక్క ఎవరు అడుగవలెనో ఎచ్చటను వ్రాసియుండలేదు.

ఇంటి కూటములలో ఈ పాఠము చదువువారు మొదట కూలికి పోవువారిని మాటలాడనియ్యవలెను. కొట్లుగలవారు, మేస్త్రీలు, భూమిగలవారు ఆ సాయంకాలము వినువారుగా కూర్చుండవలెను. యోబు 31:13ను ఒకరు గట్టిగా చదివిన తరువాత ఈ ప్రశ్న అడుగుడి: మన యూరిలో యజమానునితో వ్యాజ్యెమాడవలసిన పనివాడు ఎవరియొద్దకు పోవుచున్నాడు, సంఘ పెద్దలయొద్దకు అతడు ఎందుకు రాకున్నాడు?